వాలు తెలిసిన చెయ్యి

మోకాళ్ల మీద కూచుంటేనే ఆ తూము పనితనం కనబడుతుంది. నస్రుల్లాబాద్ పొలాల్లోకి నీళ్లు దింపే ఒక ఉపకాలువ మీద, తుంగ కమ్ముకున్న చోట, నడుమెత్తు రాతికట్టు అది. దారిన పోయేవాళ్లకు పాత గోడ ముక్కలా అనిపిస్తుంది. యాసంగిలో ఒక తడి ఆపి ఇంకో తడి వదలని రోజుల్లో, కాలువ అడుగున చీలమండ లోతు నీళ్లే మిగిలినప్పుడు దిగి చూశాను. ప్రతి రాయికీ నాలుగు అంచులూ వేలెడు వెడల్పున ఉలితో సాపు చేశారు. నడిమి భాగాన్ని మాత్రం గరుకుగానే వదిలారు. రాయికి రాయి అతకాలంటే అంచు సాపుగా ఉంటే చాలు. నడుమ చెక్కడం కూలి దండగ. ఎక్కడ చెక్కాలో తెలిసినంత బాగా ఎక్కడ ఆపాలో కూడా ఆ చేతికి తెలుసు. రెండు రాళ్ల సందులో సున్నం గోరు మందం కూడా లేదు. ఆ సున్నం ఇప్పుడు రాయి రంగుకే వచ్చేసింది. తాళంచెవి మొనతో గీకాను, పొడి రాలలేదు.

నీళ్లు లోపలికి తిరిగే మూల దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాను. అక్కడ రాయిని కోసుగా వదలలేదు, అరచేతితో నిమిరినట్టు గుండ్రం చేశారు. ప్రవాహం కోసు మూలకు కొట్టుకుంటే సుడి పుడుతుంది, సుడి అడుగు మట్టిని తవ్వుతుంది, నాలుగేళ్లలో గోడ కింద బోలు పడుతుంది. గుండ్రటి మూల దగ్గర నీళ్లు చప్పుడు లేకుండా తిరిగిపోతాయి. తూము పలక పైకీ కిందికీ జారే గాడిని అతుకు లేకుండా ఒకే రాతిలో తొలిచారు. అతుకు ఉంటే అక్కడే నీళ్లు కారడం మొదలవుతుంది. రెండు పక్కగోడలూ ఆవు కొమ్ముల్లా విచ్చుకొని గట్టు మట్టిలోకి చొచ్చుకుపోయాయి. వాటి పక్కన ఈ మధ్య పూసిన సిమెంటు మాసిక ఒకటి ఉంది, అప్పుడే నెర్రెలిచ్చింది.

ఆ రాళ్లు చెక్కినవాళ్ల పేర్లు నాకు తెలియవు. వాళ్ల పనిని పరిచయం చేయడానికే ఇదంతా రాస్తున్నాను.

ఈ తూము వెనక ఉన్న పెద్ద పని నిజాంసాగర్. బాలాఘాట్ గుట్టల్లో పుట్టిన మంజీర బీదర్, మెదక్ సీమలు తిరిగి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే ముందు, అచ్చంపేట దగ్గర దానికి అడ్డంగా రాతి ఆనకట్ట లేపారు. 1923లో మొదలై 1931లో పూర్తయింది. కట్టిన నాటికి 29.7 టీఎంసీల నీళ్లు పట్టే జలాశయం అది. 2,75,000 ఎకరాలు తడపాలన్నది లక్ష్యం. ప్రధాన కాలువ 155 కిలోమీటర్లు. బాన్సువాడ మీదుగా ఉత్తరానికి సాగి, నిజామాబాద్, ఆర్మూర్ వైపు పోతుంది. ఈ పక్క జనం దాన్ని ‘పెద్దకాలువ’ అంటారు.

ఆనకట్ట చూడడానికి అందరూ పోతారు. గేట్లు ఎత్తిన రోజున బాన్సువాడ నుంచి బండ్లు బారులు తీరుతాయి. నాకు మాత్రం అసలు విద్య కాలువలో కనబడుతుంది. కాలువంటే పొడుగాటి గుంత అనుకుంటాం గానీ, పార దిగకముందే దాని పని సగం అయిపోతుంది. కొలత గొలుసు, మట్టం చూసే దుర్భిణి, అంకెల కర్ర పట్టుకొని ముళ్లపొదల్లో నెలల తరబడి తిరిగిన వాళ్లు నేల ఎక్కడ ఎంత వంగుతుందో కాగితం మీద పెట్టాలి. వాలు ఎక్కువైతే నీళ్లు పరుగెత్తి గట్లు కోస్తాయి. తక్కువైతే ఒండ్రు కూచొని కాలువ పూడుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న సందు చాలా సన్ననిది. ఇలాంటి కాలువల వాలును మైలుకు అంగుళాల్లో లెక్కపెడతారు.

నది తన దారిన తొందరగా దిగిపోతుంది. కాలువ మాత్రం గుట్టల నడుము పట్టుకొని, ఎత్తు వదలకుండా, నెమ్మదిగా నడుస్తుంది. ఒకేచోట బయల్దేరిన రెండూ పోనుపోను దూరమవుతాయి, ఆ రెంటి మధ్య విచ్చుకునే నేలే ఆయకట్టు. కాలువ ఒక్క గజం ఎత్తు అనవసరంగా పోగొట్టుకుంటే కింద వేల ఎకరాలు మెట్టగానే మిగిలిపోతాయి. వాగు అడ్డొచ్చిన చోట వాగును కాలువ కిందినుంచి దాటించాలి. నేల ఒక్కసారిగా కుంగిన చోట నీటిని మెట్టు మీది నుంచి దింపి, ఆ దెబ్బ నేలకు తగలకుండా కింద రాతి పరుపు వేయాలి. మోటారు లేదు, కరెంటు లేదు. అచ్చంపేటలో వదిలిన నీటిబొట్టు తన బరువుతోనే నస్రుల్లాబాద్ మడికి వచ్చి చేరుతుంది. 1931 నుంచీ అదే జరుగుతోంది.

జలాశయంలో ఒక నింపుడు నీటిని ఆ 2,75,000 ఎకరాల మీద సమంగా పరిస్తే ఎంత లోతు నిలుస్తుందో లెక్కగట్టి చూశాను. సుమారు రెండున్నర అడుగులు. మొత్తం ఆయకట్టులో వరి పండించడానికి అది చాలదు. నింపుడు మీద నింపుడు రావాలి, నీళ్లు వంతుల మీద పోవాలి, వానకాలపు ఆబీ ఎక్కడ, యాసంగి తాబీ ఎక్కడ, చెరకు ఎంత, ఆరుతడి ఎంత అని ముందే తేల్చుకోవాలి. అంటే ఈ కట్టడం పనిచేయాలంటే రాయీ సున్నంతో పాటు జనం మధ్య ఒక ఒప్పందం కూడా ఉండాలి. షట్టరు దగ్గర నిలబడే లష్కరు, కాలువ మొదట్లో ఉన్న రైతు, చివరన ఉన్న రైతు, ముగ్గురూ కలిస్తేనే అది నడుస్తుంది. ‘కాల్వ ఇడిశిన్రా?’ అని యాసంగిలో ఒకరినొకరు అడిగే మాటలో ఆ ఒప్పందం ఇంకా బతికే ఉంది.

ఈ పని మొదలైన 1923వ సంవత్సరానికి ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఏడాది అక్టోబరులోనే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బేరారు తిరిగి ఇవ్వమని వైస్రాయికి రాశాడు. బేరారు అంటే పత్తి పండే నల్లరేగడి సీమ. హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యాన్ని నిజాం ఖర్చుతో ఇంగ్లీషు అధికారులు నడిపేవారు. ఆ ఖర్చు బాకీగా పెరిగింది. బాకీ కింద 1853లో ఈస్టిండియా కంపెనీ బేరారును తన ఆధీనంలోకి తీసుకుంది. 1902లో వైస్రాయి కర్జన్ ఏడాదికి 25 లక్షల రూపాయల చొప్పున శాశ్వత కౌలు రాయించుకున్నాడు. నిజాం లేఖకు వైస్రాయి రీడింగ్ జవాబు 1926 మార్చిలో వచ్చింది. బ్రిటిష్ అధికారమే ఇండియాలో సర్వోన్నతమని, ఏ సంస్థానాధీశుడూ దానితో సమానుడిగా కూచొని బేరమాడలేడని దాని సారాంశం. ఆ కాగితం హైదరాబాద్ చేరేనాటికి అచ్చంపేట దగ్గర గోడ లేస్తోంది. ఒకదానికి ఒకటి జవాబుగా జరిగాయని నేను అనను, కానీ పక్కపక్కన పెట్టి చదవకుండా ఉండలేను. ఉత్తరాలు రాసినా బేరారు తిరిగి రాలేదు. మిగిలిన నేలలోంచి కొత్త పంటభూమిని ఒక ఇంజనీరు తీశాడు.

ఆయన మీర్ అహ్మద్ అలీ, బిరుదుతో నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. 1877 జూలై 11న పుట్టాడు. సర్కారు ఉపకార వేతనంతో ఇంగ్లండు పోయి కూపర్స్ హిల్ కాలేజీలో ఇంజనీరింగు చదివాడు. ఆ కాలేజీ పెట్టిందే ఇండియాలో బ్రిటిష్ ప్రభుత్వ పనులకు ఇంజనీర్లను తయారు చేయడానికి. రైలు కట్టలు, కాలువలు, కంటోన్మెంట్లు కట్టడానికి కావలసిన చదువు అక్కడ చెప్పేవారు. పాలించేవాళ్ల అవసరానికి పుట్టిన బడిలో నేర్చుకున్న విద్యను ఆయన తెచ్చి మంజీర ఒడ్డున పరిచాడు. 1938లో నెహ్రూ అధ్యక్షతన కాంగ్రెస్ జాతీయ ప్రణాళికా సంఘం వేసినప్పుడు నదులు, సాగునీటి ఉపసంఘాన్ని ఆయన చేతికే ఇచ్చారు. తెలంగాణలో జూలై 11ను ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నది ఆయన పేరు మీదే.

పరాయి పాలన మనుషులకు చేసే పెద్ద నష్టం ఏమిటని నన్నడిగితే, ‘ఇది మాకు చేతకాదు’ అనే నమ్మకాన్ని లోపల నాటడమే అంటాను. భూమిని కౌలుకు తీసుకున్నవాడు ఏదో ఒక రోజు పోతాడు. ఆ నమ్మకం అంత తొందరగా పోదు. అచ్చంపేట గోడ, నస్రుల్లాబాద్ తూము ఆ నమ్మకం అబద్ధమని రుజువు చేశాయి. ఈ పనిని అంతగా మెచ్చుకోవడానికి అసలు కారణం నాకు అదే.

కాటన్‌ను మరిచి ఈ మాట అంటున్నానని అనుకోవద్దు. ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తి చేసిన ఆర్థర్ కాటన్ గొప్ప పనివాడు. ఇసుక మీద పునాది నిలబెట్టే కిటుకును కావేరి మీది పాత కల్లణై ఆనకట్ట చూసి నేర్చుకున్నాడు. ధవళేశ్వరంలో ఆయన పక్కన నిలిచి పనిని నడిపిన వీణెం వీరన్న మనవాడే. గోదావరి జిల్లాల వాళ్లు కాటన్‌కు విగ్రహాలు పెట్టుకున్నారంటే ఊరికే పెట్టుకోలేదు. కానీ లెక్క మొత్తం చూడాలి. గోదావరి జిల్లాలున్న ఉత్తర సర్కారులు కంపెనీకి దక్కింది 1766లో, హైదరాబాద్ పాలకుడు నిజాం అలీఖాన్‌తో చేసుకున్న ఒప్పందం మీద. గుంటూరు 1788లో. అక్కడినుంచి ఆనకట్ట పని మొదలయ్యే దాకా ఎనభై ఏళ్లు శిస్తు వసూలైంది, నది మాత్రం ఊరికే సముద్రంలోకి పోయింది. మధ్యలో 1833 గుంటూరు కరువు ఊళ్లను తుడిచిపెట్టింది. పాత చెరువుల బాగు చూసే ఊరి కట్టుబాట్లు చెదిరిపోయాయి. ఆ చెరువుల నిర్లక్ష్యాన్ని కాటనే తన సర్కారు ముఖాన గట్టిగా విమర్శించాడు. కట్టిన అయిదేళ్లకు దండం పెట్టేటప్పుడు కట్టకుండా గడిపిన ఎనభై ఏళ్లూ గుర్తుండాలి.

కోస్తా ఆనకట్టల కాలువల కింద నీటి సేద్యం నేర్చిన కుటుంబాల వాళ్లే 1930ల నుంచి నిజాంసాగర్ ఆయకట్టుకు వచ్చారు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు. వాళ్ల తాతముత్తాతల జిల్లాలు ఒకప్పుడు నిజాం చేతి నుంచే కంపెనీకి పోయాయి. నూట అరవై ఏళ్లు తిరిగాక ఆ జిల్లాల నాగలి నిజాం కాలువ కిందికి వచ్చింది. బాన్సువాడ, వర్ని, బోధన్, కోటగిరి పక్క ఊరి పేర్లకు ‘క్యాంపు’ అనే తోక కనబడేది అందుకే. మొదట గుడిసెలు వేసుకున్న విడుదులు తర్వాత ఊళ్లయ్యాయి, పేరు మాత్రం క్యాంపుగానే నిలిచింది.

ఇక్కడ మన భాష నన్ను ఆపుతుంది. పరాయివాడు వచ్చి ఏలడాన్ని వలస పాలన అంటాం. పొట్ట చేతపట్టుకొని పోయేవాణ్ణి వలస కూలీ అంటాం. ఏలవచ్చినవాడికీ, బతకపోయినవాడికీ తెలుగు ఒకే మాట ఇచ్చింది. నస్రుల్లాబాద్ మండలంలో ఆ మాటకున్న అర్థాలన్నీ ఒకే కాలువ గట్టు మీద కలుస్తాయి. ఊరి పేరే అరబ్బీ, ఫారసీ కలిసినది. నస్రుల్లా అంటే దేవుడి సాయం, ఆబాద్ అంటే జనం నిండిన చోటు. పక్కనే దుర్కి, నెమ్లి అనే పాత పేర్లు. కాస్త దూరం పోతే క్యాంపులు. ఇక ప్రతి ఊళ్లోనూ దుబాయ్‌లోనో మస్కట్‌లోనో కొడుకున్న ఇల్లు ఒకటి.

క్యాంపుల రైతులది కూడా చేతిపనే, దాన్ని దాటిపోకూడదు. ఏటవాలు నేలను మడి మడిగా తెంచి, నీళ్లు నిలిపి చూసి, ఎత్తు ఉన్నచోట మట్టి లాగి పల్లంలో పోసి, మళ్లీ నీళ్లు నిలిపి చూసి అద్దంలా చదును చేయడం చిన్న విద్య కాదు. నీళ్లే వాళ్లకు మట్టం చూసే పరికరం. ముళ్లపొదలు కొట్టి, చలిజ్వరాలకు ఓర్చి ఆ నేలను నీళ్లు పారే తరి చేశారు.

అయితే ఆ తరి అంతకుముందు ఎవరి ఖుష్కీ, ఎవరి మెట్ట? అది కూడా చెప్పాలి. జొన్న, పప్పు పండించుకునే మెట్ట రైతుకు కాలువ వచ్చింది, దాంతో పాటు తరి శిస్తు వచ్చింది. మడులు కొట్టడానికి పెట్టుబడి లేదు, వరి నాటు కొత్త, పైన దేశ్‌ముఖ్, పట్వారీల పెత్తనం, వెట్టి. కాలువ నీటి విలువ తెలిసిన చేతికి భూమిని అయినకాడికి అమ్మి, అదే చెలకలో కూలీగా నిలబడ్డవాళ్లు ఉన్నారు. ఆనకట్ట నీళ్లలో సుమారు నలభై ఊళ్లు ఖాళీ అయ్యాయి. అంటే బ్రిటిష్ పెత్తనం పైన, దాని కింద నిజాం పెత్తనం, దాని కింద దొర పెత్తనం. తెలుగు రైతు మోసిన బరువు మూడంతస్తులది. నిజాం పోగొట్టుకున్న బేరారు గురించి బాధపడే మనిషి, మునిగిన ఊళ్ల గురించి, అమ్ముడుపోయిన చెలకల గురించి కూడా అంతే బాధపడాలి. తూము ఎంత బాగా చెక్కినా, దాని కింద తడిసిన మడి ఎవరిదన్న ప్రశ్న తీరలేదు. ఈ రెండు మాటలూ నిజమే. ఒకదాని కోసం ఇంకోటి మింగలేను.

కాలువ వెంట చెరకు వచ్చింది. చెరకు వెంట 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. పరాయి పాలనలో ముడిసరుకు బయటికి పోయి తయారైన సరుకు వెనక్కి రావడమే దేశమంతటా రివాజు. ఆ రోజుల్లో పొలం పక్కనే మిల్లు పెట్టి, ఈ నేల చెరకును ఈ నేల మీదే చక్కెర చేయడం పెద్ద విషయం. రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధనా కేంద్రం ఇప్పటికీ ఉంది. ఫ్యాక్టరీ మాత్రం 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతపడింది. ఇప్పుడు కాలువ కింద ఎటు చూసినా వరే.

కాలువ సంగతికి వస్తే, మంజీర తెచ్చే ఒండ్రు ఏటేటా జలాశయంలో కూచుంది. తర్వాత నీటిమట్టం పెంచినా ఇప్పుడు పట్టేది 17.8 టీఎంసీలే. ఇందాకటి లెక్క మళ్లీ వేస్తే రెండున్నర అడుగుల చోట అడుగున్నరే మిగిలింది. మంజీర ఎగువన సింగూరు జలాశయం కట్టాక ఆ నది నీళ్లు హైదరాబాద్ దాహానికీ పోతున్నాయి. చివరి ఆయకట్టుకు గోదావరి నీళ్లను అలీసాగర్, గుత్ప ఎత్తిపోతలతో తోడి పోస్తున్నారు. వాలు మీద నడవాల్సిన నీళ్లను మోటార్లతో ఎక్కిస్తున్నామన్న మాట. అవసరం కొద్దీ చేసిన పని, తప్పు పట్టను. కానీ 155 కిలోమీటర్లు ఒక్క మోటారు లేకుండా నడిపిన కాలువ పక్కన నిలబడి ఆ చప్పుడు వింటే మనసు చివుక్కుమంటుంది.

ఇంకో తడి వదిలిన రోజు మళ్లీ ఆ తూము దగ్గరికి పోయాను. లష్కరు చక్రం తిప్పుతుంటే పలక కిర్రుమని లేచింది. నీళ్లు గుండ్రటి మూల చుట్టూ తిరిగి, నురుగు కూడా పట్టకుండా, పిల్లకాలువలోకి జారాయి. అటువైపు నారుమడి గట్టు మీద ఒకామె చెప్పులు విడిచి, పార భుజాన వేసుకొని, నీళ్ల కోసం ఎదురుచూస్తోంది. నీళ్లు ఆమె మడి తూటు దగ్గరికి రావడానికి ఎంతో సేపు పట్టలేదు.

కాలువ ఆధునికీకరణ పనుల్లో పాత రాతికట్లు పగలగొట్టి కాంక్రీటు పోస్తున్నారు. లైనింగు వేయండి, చివరి మడికి నీళ్లు రావాలంటే అది అవసరమే. ఆ పని చేయించే ఇంజనీర్లకు, ఈ ఊళ్ల సర్పంచులకు నాది ఒక్కటే విన్నపం. నస్రుల్లాబాద్ దగ్గర పాత తూము ఒక్కదాన్నయినా ఉన్నది ఉన్నట్టు వదలండి. తుంగ కోయించి, మెట్లు రెండు కట్టించి, బడి పిల్లలను తీసుకుపోయి ఆ గుండ్రటి మూల మీద వాళ్ల అరచేతులు పెట్టించండి.